తెఱచియుంచిన ట్యాబులు



పది పుస్తకములు తెఱచి బల్లపై పఱచుకొనినవాఁడు కావలసిన పుట దొరకక తడుముకొనుట మన మెఱిగినదే. బ్రౌజరులో ట్యాబులు పెంచుకొనువాని స్థితియు నట్టిదే. 2006వ సంవత్సరమున ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఏడవ కూర్పు వచ్చువఱకు, ఆ బ్రౌజరును వాడువారు ప్రతి పుటకు వేఱొక కిటికీ తెఱువవలసివచ్చెడిది. ఇప్పుడు ఒక్క కిటికీలోనే ఎన్నియైన నిముడును. చిక్కంతయు నందుననే కలుగుచున్నది.

గత సంవత్సర మొకనాఁటి సాయంకాలమున మేము 32 మంది పిల్లల మార్కులు ఒక పుటలో నెక్కించుచుంటిమి. ట్యాబు లిరువదికి మించుటచే శీర్షికలు కుంచించుకొనిపోయి చిన్న గుర్తులు మాత్రమే మిగిలెను. ఆ పుట కానరాక దానినే రెండవమారు తెఱచితిమి. పిదప అక్కఱలేనిదని తలంచి మూసినది మార్కులున్న ట్యాబే! కంట్రోలు, షిఫ్టు, టి అను మూఁడు మీటలను కలిపి నొక్కఁగా మూసిన ట్యాబు తిరిగి వచ్చెను గాని మార్కులు రాలేదు. బ్రౌజరు ఆ పుటను మఱల తెప్పించును. మనము వ్రాసి భద్రపఱచనిదానిని తప్పక నిలుపునని నమ్మరాదు.

మే మానాఁడు చేయవలసినది వెదకుట. క్రోములో కంట్రోలు, షిఫ్టు, ఎ మీటలు కలిపి నొక్కినచో తెఱచియున్న ట్యాబుల పట్టికయు, వెదకుటకొక గడియు వచ్చును. శీర్షికలోని యొక మాట వ్రాసిన చాలును. ఫైర్‌ఫాక్సులోనైనచో చిరునామా గడిలో శాతపు గుర్తు నుంచి, కొంత యెడమిచ్చి, మాట వ్రాయవలెను. శీర్షిక తెలుఁగులో నున్నచో తెలుఁగు లిపిలోనే వెదకవలెను. మా పిల్లలు తెలుఁగు మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి, దొరకలేదని చెప్పుట పలుమారులు చూచితిమి. ఈ వెదకుట శీర్షికను, చిరునామాను మాత్రమే చూచును. పుటలోని విషయమును చూడదు.

నిత్యము కావలసినదానిపై మౌసు కుడిమీట నొక్కి పిన్ చేసినచో అది యెడమచివర నిలిచియుండును. తరువాత చదువుదమని యుంచినవానిని కంట్రోలు, డి నొక్కి బుక్‌మార్కు చేసి మూయుట మేలు. తెఱచిన ప్రతి ట్యాబు జ్ఞాపకస్థానమును కొంత యాక్రమించును గనుక, పాత కంప్యూటరు మందగించుట కిదియొక కారణము.

పదిమంది వాడు కంప్యూటరుపై మఱియొక సంగతి గలదు. ట్యాబు మూసిన మాత్రమున మీ ఖాతా మూయఁబడదు. తరువాత కూర్చుండినవారు పైఁజెప్పిన టి మీటతోనే దానిని లేపఁగలరు. మేమొకమారు తరగతికి ఈ మీట చూపుచుండఁగా, అంతకుముందు గంటలో నొక బాలిక నింపిన ఉపకారవేతనపు దరఖాస్తు, ఆమె బ్యాంకు ఖాతా సంఖ్యతోఁగూడ అందఱి యెదుట తెఱచుకొనెను. వెంటనే తెరను ఆర్పితిమి. ఆ దినము మొదలు మా గదిలో, ముందు ఖాతానుండి సైన్ అవుట్ చేసి, పిదపనే ట్యాబు మూయవలెనను నియమము పెట్టితిమి.