బిడ్డ కళ్ళ రంగు – ఒక ఎడారివాసి ప్రశ్న

బిడ్డ పుట్టగానే మన ఇళ్ళలో చెవిలో అజాన్ పలుకుతాం. ఆ తర్వాత అందరి నోటా వచ్చే మాట, “ఎవరి పోలిక?” ముక్కు తండ్రిది, నుదురు దాదీది అని నవ్వుతూ చెప్పుకుంటే తప్పు లేదు. కాని తల్లిదండ్రులిద్దరివీ నల్లని కళ్ళై ఉండి, బిడ్డ కళ్ళు మాత్రం మనవాళ్ళు ‘పిల్లి కళ్ళు’ అనే లేత రంగులో ఉంటే, ఆ నవ్వుల మధ్య ఒక గుసగుస బయలుదేరుతుంది. “మా ఖాందాన్‌లో ఇలాంటి కళ్ళు ఎవరికీ లేవే!” అన్న ఒక్క మాట బాలింత గుండెలో ముల్లులా దిగుతుంది. అన్నవారు మరచిపోతారు, విన్న కోడలు మరచిపోదు. ఆ మాట భర్త మనసులో అనుమానంగా నాటుకుంటే కాపురమే కూలిపోవచ్చు.

ఇలాంటి ప్రశ్న దైవప్రవక్త (స) సన్నిధికి కూడా వచ్చింది.

ఎడారివాసి – ఒంటెలు

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక ఎడారివాసి వచ్చి, తన భార్య నల్లని పిల్లవాణ్ణి కన్నదని చెప్పుకున్నాడు. అతని మాటలో అనుమానం ధ్వనిస్తూనే ఉంది. దైవప్రవక్త (స) అతణ్ణి కోప్పడలేదు. అతని భార్యను పిలిపించి నిలదీయలేదు. నీకు ఒంటెలున్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాడు. వాటి రంగేమిటని అడిగితే ఎరుపన్నాడు. వాటిలో బూడిద రంగువి ఏమైనా ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నాడు. మరి ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. పూర్వపు మూలమేదో అటు లాగి ఉంటుందని అతను జవాబిచ్చాడు. అలాగైతే నీ కొడుకును కూడా ఏదో మూలం లాగి ఉండవచ్చు కదా అని ఆయన (స) బోధపరిచారు. ఆ బిడ్డ తనవాడు కాదనడానికి అతనికి అనుమతి ఇవ్వలేదు.

చూడండి, ఒంటెల కాపరికి ఒంటెల ద్వారానే సమాధానం దొరికింది. తన మందలో తాను సహజమని ఒప్పుకున్న విషయాన్ని తన ఇంట్లో మాత్రం నేరంగా చూడబోయాడు. ఆ పొరపాటును అతని నోటితోనే అతనికి తెలియజెప్పారు.

ఆ ‘మూలం’ ఎలా లాగుతుంది?

హదీసు వైద్యశాస్త్ర గ్రంథం కాదు. దాన్ని అలా చూపించనక్కర లేదు. అయితే అల్లాహ్ సృష్టిలో ఉంచిన పద్ధతిని పరిశీలిస్తే ఆ జవాబులోని వివేకం మరింత బోధపడుతుంది.

కంటి నడిమి నల్లని చుక్క చుట్టూ ఒక రంగు వలయం ఉంటుంది. దాని ముందు పొరలో మెలనిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటే కన్ను నల్లగా, గోధుమ రంగుగా కనిపిస్తుంది. తక్కువైతే తేనె రంగు, ఆకుపచ్చ, మరీ తక్కువైతే నీలం. నిజానికి నీలి కంటిలో నీలి రంగు పదార్థమే లేదు. ఆకాశం నీలంగా కనిపించినట్లే, వెలుగు చెదరడం వల్ల అలా కనిపిస్తుంది.

ఈ మెలనిన్ ఎంత ఉండాలో నిర్ణయించే జన్యువులు బిడ్డకు జంటలుగా వస్తాయి: ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. సాధారణంగా ముదురు రంగు జన్యువు పక్కన లేత రంగు జన్యువు ఉంటే ముదురుదే పైకి కనిపిస్తుంది. లేతది నశించదు, దాగి ఉంటుంది. అలా అది తరాల తరబడి ఎవరి కళ్ళలోనూ కనబడకుండా నడిచి రావచ్చు. దాగిన జన్యువు తల్లిలోనూ తండ్రిలోనూ ఉండి, రెండూ ఒకే బిడ్డకు చేరినప్పుడు ముత్తాత కళ్ళు మునిమనవడిలో తెరుచుకుంటాయి.

వెనకటి పాఠ్యపుస్తకాలు ఇదంతా ఒకే జన్యువు పని అని చెప్పేవి. 15వ క్రోమోజోములో పక్కపక్కనే ఉన్న ఓసీఏ2, హెర్క్2 అనే రెండు జన్యువుల పాత్ర ఇందులో పెద్దదని 2008 నాటి పరిశోధనలు తేల్చాయి. 2021లో వెలువడిన ఒక అధ్యయనం సుమారు 1 లక్షా 93 వేల మందిని పరిశీలించి, కంటి రంగుతో సంబంధం ఉన్న చోట్లు జన్యుపటంలో 61 ఉన్నాయని చూపింది. కనుకనే నీలి కళ్ళ దంపతులకు గోధుమ రంగు కళ్ళ బిడ్డ పుట్టడం కూడా అరుదే గాని అసంభవం కాదు. కంటి రంగు చూసి ఎవరి శీలానికీ తీర్పు చెప్పలేం.

మరో సంగతి. పుట్టిన వెంటనే కనిపించే రంగే స్థిరమని అనుకోకూడదు. మెలనిన్ పుట్టాక కూడా పెరుగుతుంది గనుక లేత కళ్ళు మొదటి ఏడాదిలో, ఒక్కోసారి ఆ తర్వాత కూడా ముదురు కావచ్చు. అయితే కనుపాపలో తెల్లని మెరుపు కనిపించినా, రెండు కళ్ళ రంగులు వేరువేరుగా ఉన్నా గుసగుసలు మాని వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి. బిడ్డ కళ్ళు మెరిసే నీలంగా ఉండి, చప్పుళ్ళకు స్పందించకపోతే వినికిడి పరీక్ష కూడా చేయించాలి.

మనం నేర్చుకోవలసింది

1. రంగుల తేడా అల్లాహ్ సూచన. భాషల్లో, రంగుల్లో ఉన్న వైవిధ్యాన్ని సూరె రూమ్ 22వ ఆయతు ఆయన నిదర్శనాలలో ఒకటిగా పేర్కొంది. నిదర్శనాన్ని నిందకు ఆధారం చేసుకోవడం ఎంత విపరీతం!

2. శీలవతిపై నింద వేసి నలుగురు సాక్షులను తేలేని వారికి సూరె నూర్ 4వ ఆయతు 80 కొరడా దెబ్బల శిక్ష విధించింది. వారి సాక్ష్యాన్ని ఎన్నటికీ స్వీకరించరాదంది. సూటిగా అనకుండా సాగదీసి అన్న మాట కూడా ఒక ఆడబిడ్డ పరువును తీస్తుందని మరువకండి.

3. హజ్రత్ జైద్ (రజి) తెల్లగా, ఆయన కుమారుడు ఉసామా (రజి) నల్లగా ఉండేవారు. ఉసామా తల్లి ఉమ్మె ఐమన్ (రజి) హబషా జాతి స్త్రీ. రంగు తేడా చూసి కొందరు నోరు జారేవారు. తండ్రీకొడుకులు దుప్పటి కప్పుకొని పడుకుని ఉండగా, పోలికలు పట్టడంలో నేర్పరి అయిన ముజజ్జిజ్ ముద్లిజీ వారి పాదాలు మాత్రమే చూసి, ఇవి ఒకదానికొకటి చెందినవేనన్నాడు. దైవప్రవక్త (స) వెలిగే ముఖంతో ఇంట్లోకి వచ్చి హజ్రత్ ఆయిషా (రజి)కు ఈ సంగతి చెప్పారు. ఒక కుటుంబం మీది నింద తొలగితే ఆయన (స) అంతగా సంతోషించారు. మనమేమో నింద పుట్టించి కాలక్షేపం చేస్తున్నాం.

అత్తలారా, ఆడపడుచులారా! బిడ్డను చూడడానికి వెళ్ళినప్పుడు “మాషా అల్లాహ్” అనండి, శుభం కోసం దుఆ చేయండి. భర్తలారా! ఎవరైనా నోరు జారితే మౌనంగా ఉండకండి; ఆ క్షణంలో మీ భార్యకు రక్షణ మీరే. ఒంటెల సంగతి చెప్పండి, చాలు.

అల్లాహ్ మన నాలుకలను నిందల నుంచి, మన ఇళ్ళను అనుమానాల నుంచి కాపాడుగాక! ఆమీన్.