చెమట పట్టని లో షుగర్

షుగర్ పడిపోతే చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇది మన ఇళ్లలో దాదాపు అందరికీ తెలుసు. ఈ గుర్తులేవీ లేకుండానే షుగర్ పడిపోయే మనుషులూ ఉంటారని మాత్రం నాకు కొన్నేళ్ల క్రితం వరకు తెలియదు.

రంజాన్ నెల, అసర్ దాటింది. మా బంధువుల్లో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని కొయ్య గరిట చెక్కుతున్నారు. మన ఉదయగిరిలో ఇంటింటా ఉన్న పనే. ఉన్నట్టుండి మాట తడబడింది. "ఏమైంది చిచ్చా?" అంటే "బాగానే ఉన్నాను, పోరా" అని కసిరారు. ఆయనది కసిరే స్వభావం కాదు. ఒంటి మీద చెమట చుక్క లేదు. రోజా నీరసమేమో అనుకున్నాం. మిషన్‌తో చూస్తే 46. పైగా బొటనవేలు తెగి రక్తం కారుతోంది, ఆ సంగతీ ఆయనకు తెలియదు.

రెండింటికీ మూలం నరాలే. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ముందు పాదాలు, తర్వాత చేతివేళ్లు మొద్దుబారతాయి. ఇది కంటికి కనిపించే భాగం. గుండెను, పొట్టను, చెమటను నడిపించే నరాలు కూడా అలాగే పాడవుతాయి. షుగర్ 70 కన్నా తగ్గినప్పుడు శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది; దడ, వణుకు దానివల్లే. చెమట కూడా ఆ నరాల హెచ్చరికే. ఆ నరాలు పాడైతే గంట మోగదు. గ్లూకోజు అందని మెదడు నేరుగా తికమకపడుతుంది. అప్పుడు సాయం అడగాలన్న తెలివి కూడా ఉండదు. మాటిమాటికీ లో షుగర్ వచ్చేవారిలోనూ ఈ గంట మందగిస్తుంది. అయితే రెండు మూడు వారాలు లో రాకుండా చూసుకుంటే వారిలో చాలామందికి హెచ్చరిక తిరిగి వస్తుంది. బీపీకి, గుండెకు వాడే కొన్ని మాత్రలు కూడా దడను కప్పేస్తాయి.

2001లో 13 దేశాల్లో 12 వేలమందికి పైగా షుగర్ ఉన్న ముస్లింలను పరిశీలించారు. టైప్ 2 వారిలో తీవ్రమైన లో షుగర్ రంజాన్ నెలలో ఏడున్నర రెట్లు పెరిగిందని తేలింది. అందుకే రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే డాక్టరును కలవాలి. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. మోతాదు సొంతంగా మార్చకూడదు. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదు. హెచ్చరిక తెలియనివారు బాగున్నామనిపించినా మధ్యాహ్నం, అసర్ తర్వాత చూసుకోవాలి. 70 కన్నా తగ్గితే ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా రోజా విరమించాలి. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఆ రోజు చిచ్చా పంచదార నీళ్లు ముట్టనని మొండికేశారు. "గంటన్నరే కదా" అన్నారు. చివరికి మౌల్వీసాబ్‌తో ఫోనులో మాట్లాడించాం. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపు ఖుర్ఆన్‌లో బఖరా సూరాలోనే ఉందని ఆయన చెప్పాకే తాగారు. రోగం నయమయ్యేదైతే తర్వాత ఖజా ఉండాలి. నయం కానిదైతే ఫిద్యా, అంటే రోజాకు ఒక పేదవాడి భోజనం. డాక్టరు రోజాలు వద్దన్నాక చిచ్చా ఫిద్యా ఇస్తున్నారు. గరిటలు మాత్రం ఇప్పటికీ చెక్కుతున్నారు, బొటనవేలికి గుడ్డ చుట్టుకుని.