నలుగురూ తొడిగిందే మనమూ తొడగాలా?

గత రమజాన్ చివరి పది రోజుల్లో ఒక రాత్రి తరావీహ్ ముగిశాక, ఆటో నడుపుకొని జీవించే ఒక సోదరుడు మా దగ్గరకొచ్చి కూర్చున్నారు. "మౌలానా సాబ్, మా అమ్మాయికి నిరుడు కుట్టించిన బురఖా బాగానే ఉంది. కాని ఇప్పుడు అలాంటిది ఎవరూ వేసుకోవడం లేదట. దుబాయి అబాయా కావాలంటోంది. అబ్బాయికేమో పఠానీ సూటు. అప్పు చేయక తప్పేలా లేదు. పండుగకు కొత్త బట్టలు కొనకపోతే గునాహ్ అవుతుందా?" అని అడిగారు.

గునాహ్ కాదని అప్పుడే చెప్పాము. పండుగనాడు మనకున్న వాటిలో మంచి బట్టలు తొడగాలన్నదే సున్నత్. అవి కొత్తవైనా సరే, ఉతికినవైనా సరే అని హనఫీ ఫిఖహ్ గ్రంథాల్లో స్పష్టంగా ఉంది. కాని ఇంటికొచ్చాక కూడా "ఎవరూ వేసుకోవడం లేదట" అన్న ఆ మాట మమ్మల్ని వదల్లేదు. పర్దా కోసం తొడిగే వస్త్రానికి కూడా ఏటేటా కొత్త మోడల్ రావడం, నిరుటిది తొడగడం నామోషీ కావడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

అలాగని అలంకరణను ఇస్లాం నిషేధించిందని ఎవరూ అనుకోరాదు. దుస్తులు మానాన్ని కప్పేవే కాదు, శోభనిచ్చేవి కూడా అని దివ్యఖుర్ఆన్ ఆరాఫ్ సూరా 26వ ఆయతు తెలుపుతోంది. అదే సూరా 31, 32 ఆయతుల్లో దుబారాను వారించిన అల్లాహ్, తాను దాసుల కోసం సృష్టించిన అలంకరణను నిషేధించినదెవరని కూడా ప్రశ్నించాడు. ఒక సహాబీ నాసిరకం బట్టల్లో వస్తే దైవప్రవక్త (స) ఆయన ఆస్తిపాస్తుల గురించి విచారించారు. ఒంటెలు, మేకలు, గుర్రాలు అన్నీ ఉన్నాయని తెలిసి, అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహం నీ మీద కనిపించాలి కదా అని బోధించారు. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది.

పరాయి దేశపు దుస్తులైనంత మాత్రాన అవి హరామ్ కావు. తబూక్ ప్రయాణంలో దైవప్రవక్త (స) ధరించిన షామ్ దేశపు జుబ్బా చేతులు ఎంత బిగుతుగా ఉన్నాయంటే, వుజూ కోసం అవి పైకి మడవడానికి రాక, చేతుల్ని జుబ్బా కిందినుంచి బయటికి తీయవలసి వచ్చింది. దీన్ని హజ్రత్ ముగీరా (రజి) ఉల్లేఖించారు. కనుక ప్యాంటు, షర్టు చూడగానే కళ్ళెర్రజేసే పెద్దలు కాస్త ఆగాలి. సతర్ కప్పబడాలి. శరీరాకృతి బయటపడేంత బిగుతు ఉండరాదు. పురుషులకు పట్టు, బంగారం తగవు. స్త్రీపురుషులు ఒకరి వేషం మరొకరు వేయరాదు. గర్వం, దుబారా కూడదు. ఈ హద్దుల లోపల మైదానం చాలా విశాలం.

ఆ మైదానంలో మన పూర్వీకులు ఎవరి తీరున వారు నడిచారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉండి కూడా అతుకులు వేసిన వస్త్రం తొడిగారు. కూఫాలో బట్టల వర్తకుడైన ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) మేలైన దుస్తులు ధరించేవారు. మదీనాలో ఇమామ్ మాలిక్ (రహ్మలై) కూడా అంతే. అతుకుల బట్టకు విలువ ఉందని ఇమాములు కావాలని అతుకులు వేయించుకోలేదు. పేరు కోసం తొడిగే దుస్తుల గురించి హదీసులో గట్టి హెచ్చరిక ఉంది. అందులో ఖరీదైన ఆడంబరమే కాదు, భక్తుడినని చూపుకోవడానికి తొడిగే చింకిబట్ట కూడా చేరుతుందని ఉలమాలు వివరించారు.

అరబీలో "ఇమ్మఅ" అని ఒక మాట ఉంది. సొంత అభిప్రాయమంటూ లేక, జనం ఎటుంటే తానూ అటే అనేవాడిని అలా అంటారు. అలాంటివారు కావద్దని హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) బోధించేవారు. పండుగ ముందు మన బజార్లు చూస్తే ఈ మాటే గుర్తొస్తుంది.

మాకూ ఆ జబ్బు ఉండేది. మదర్సాలో చదివే రోజుల్లో, ఒక ధనిక సహాధ్యాయి షేర్వానీ చూసి, అలాంటిదే కావాలని అబ్బాజాన్‌ను పీడించి కుట్టించుకున్నాము. మెడ దగ్గర బిగుతు, ఒళ్ళంతా చెమట. రెండు పెళ్ళిళ్ళకు తొడిగాము. ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. దాని డబ్బు అబ్బాజాన్ ఎలా సమకూర్చారో మేము అప్పుడు అడగలేదు.

తనకేది తగునో తెలుసుకోవాలంటే ముందు తన ఊరి ఎండను, తన పనిని, తన జేబును చూసుకోవాలి. మే నెలలో మన జిల్లాల్లో నల్లటి పాలిస్టర్ తొడగడం ఒక శిక్ష. పల్చనివి కాని నూలు బట్టలు హాయి. స్కూటరు వెనక కూర్చునే అమ్మాయికి నేలకు వేలాడే సీతాకోకచిలుక అబాయా ప్రమాదం, అంచు చక్రంలో చిక్కుకుంటుంది. పురుషులకు తెల్లని దుస్తులు ఉండనే ఉన్నాయి, దైవప్రవక్త (స) ప్రోత్సహించినవి. ఒంటికి నప్పిన కుట్టు ఏదో ఒకసారి తెలిస్తే దర్జీకి అదే చెప్పవచ్చు, ఏటా దుకాణదారుని అడగనక్కరలేదు.

పండుగ తర్వాత ఆ సోదరుడు మళ్ళీ కలిశారు. అప్పు చేయలేదట. అబ్బాయికి మామూలు కుర్తా కొన్నారట. అమ్మాయి సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.