కరెంటు పోయినపుడు సూపర్ కెపాసిటరు – దాని బలము, పరిమితి

ఆరోగ్య కేంద్రములో కరెంటు పోయిన పిమ్మట జనరేటరు అందుకొనుటకు కొన్ని క్షణములు పట్టును. ఆ వ్యవధిలోనే చికిత్సా పరికరములు ఆగిపోవచ్చును. ఇట్టి స్వల్పకాలపు అవసరమునకు సూపర్ కెపాసిటరు మిక్కిలి అనువైనది. రాత్రంతయు దీపము వెలుగుటకు మాత్రము అది బ్యాటరీకి సాటిరాదు. ‘చావులేని బ్యాటరీ’ యను మాట విని దీనిని కొనదలచిన సోదరులు ఈ భేదమును ముందుగా గ్రహింపవలెను.

బ్యాటరీలో విద్యుత్తు రసాయనిక మార్పు రూపమున నిలువయుండును. అందలి సీసపు పలకలు వాడకముతో క్రమముగా క్షీణించును. సూపర్ కెపాసిటరులో అట్టి మార్పు దాదాపు లేదు. అతి సూక్ష్మ రంధ్రములుగల కర్బనముపై విద్యుదావేశము చేరి నిలుచును. కోరిన తక్షణమే వెలువడును. ఒక గ్రాము కర్బనములోని రంధ్రముల గోడలన్నియు పరచినచో వేయి చదరపు మీటర్లకు, అనగా సుమారు 25 సెంట్ల నేలకు మించును. ఈ కర్బనమును కొబ్బరి చిప్పల బొగ్గునుండియు తయారుచేయుదురు. కోనసీమ రైతులకు ఇది వినదగిన ముచ్చటయే. సీసపు బ్యాటరీని వందల పర్యాయములు, మేలురకమైనచో వేయి పైచిలుకు పర్యాయములు ఛార్జి చేయవచ్చును. దీనిని లక్షల పర్యాయములు చేయవచ్చును, అదియు క్షణములలో.

ఇక పరిమితి. 2.7 వోల్టుల, 3,000 ఫారడ్ల ఘటము అరకిలో బరువుండును. అందు నిలుచునది 3 వాట్-గంటలు మాత్రమే. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు దానితో 20 నిమిషములు వెలుగవలెను. కాని వాడినకొలది వోల్టేజి తగ్గిపోవును. నాలుగింట మూడు వంతులు ఖర్చగునప్పటికి అది సగమునకు దిగును. కనుక 15 నిమిషములే లెక్క. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల ఇన్వర్టరు బ్యాటరీలో 1,800 వాట్-గంటలుండును. దానికి బదులు ఇట్టి ఘటములు 600 కావలెను. వాటి బరువు 300 కిలోలు. వెల సంగతి చెప్పనేల! పైగా వాడకున్నను నిలువ దానంతటదే తగ్గుచుండును.

గాలిమరలలో సరఫరా తప్పినపుడు రెక్కలను త్రిప్పి నిలుపుటకు దీనిని వాడుచున్నారు. మోటారు మొదలగునపుడు కావలసిన అధిక కరెంటును ఇది యిచ్చి, తరువాతి భారమును బ్యాటరీకి విడుచుట మరియొక పద్ధతి. మన దేశమున 2024లో కేరళలోని కన్నూరునందు కెల్ట్రాన్ సంస్థ ఇస్రో పరిజ్ఞానముతో వీటి ఉత్పత్తి ప్రారంభించినది.

కొనువారు ఫారడ్ల సంఖ్యను చూచి మోసపోరాదు; వాట్-గంటలెన్నియని అడుగవలెను. వరుసగా కలిపిన ఘటములలో ఏ ఒక్కదానికిని పరిమితికి మించిన వోల్టేజి చేరకుండ కాపాడు సర్క్యూటు ఉన్నదా యనియు విచారింపవలెను. వేడి తగిలిన ఆయువు తగ్గును గనుక రేకుల కప్పు క్రింద అమర్చరాదు.