పడిశెం వేరు, ఫ్లూ వేరు
(పూర్వ విద్యార్థి, పి.జి.)

మన హాస్టల్లో ఒకరికి జ్వరం తగిలితే వారం తిరిగేలోగా గదిలో సగం మంది దుప్పటి కప్పుకోవడం అందరూ చూసిందే. పక్కపక్కనే పరుపులు, ఒకే తలుపు, చలికి మూసిన కిటికీలు. ‘గాలి మారింది’ అని ఒక్క మాటతో తేల్చేస్తాం. కానీ తమ్ముళ్లూ, జ్వరం తెచ్చేది వైరస్.

పడిశేనికి కారణమైన వైరస్‌లు రెండు వందల దాకా ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి పనిచేసే టీకా లేదు. ఫ్లూ, అంటే ఇన్‌ఫ్లుయెంజా, వేరే జబ్బు. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లంతా నొప్పులు, పొడి దగ్గు. 1918లో ఇది మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2009 మేలో స్వైన్ ఫ్లూ దేశంలో మొదట బయటపడింది హైదరాబాదులోనే. ఆ రకం ఇప్పుడు మామూలు ఫ్లూలలో ఒకటై మన మధ్యే తిరుగుతోంది.

టీకా ఏటా ఎందుకు? ఈ వైరస్ పైపొర మారుతూ ఉంటుంది, పోయిన ఏటి రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ఏ రకాలను టీకాలో పెట్టాలో సూచిస్తుంది. మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి-మార్చి మధ్య ఒకసారి పెరుగుతుంది. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మనకు వానలకు ముందే వేయించుకోవడం మేలు. సూదితో ఇచ్చే ఫ్లూ టీకాలో బతికిన వైరస్ ఉండదు. టీకా వల్లే ఫ్లూ వస్తుందనేది వట్టి మాట. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొందరికి కాస్త వెచ్చబడటం, అంతే.

అసలు చిక్కు డబ్బుది. ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు. బయట కొనాలంటే మన ఇళ్లలో కొన్ని రోజుల కూలి. ఒక్కరికే వేయించగలిగితే ఎవరికి? నా మాట అడిగితే, గట్టిగా ఉన్న డిగ్రీ కుర్రాడికి కాదు, ఇంట్లో ఉన్న జేజికి. లేదా కడుపుతో ఉన్న వదినకు, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లకు. బేతంచెర్ల బండల పాలిష్ దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసి ఆయాసం తెచ్చుకున్న నాయనలు మనలో చాలా మందికి ఉన్నారు. ఫ్లూ న్యుమోనియాగా ముదిరే ప్రమాదం వీళ్లకే ఎక్కువ.

మీకు మాత్రం ఉచితంగా దొరికే సూది ఒకటుంది, టీడీ. పదేళ్లకు ఒకసారి, పదహారేళ్లకు ఒకసారి వేస్తారు. ధనుర్వాతంతో పాటు కంఠసర్పినీ ఆపుతుంది. కంఠసర్పిలో గొంతులో బూడిద రంగు పొర కట్టి ఊపిరి ఆడదు. చిన్నప్పుడు వేసిన టీకా బలం వయసుతో తగ్గుతుంది, అందుకే మళ్లీ వేయాలి. నర్సమ్మ పెట్టె తెచ్చేసరికి బాత్‌రూముల వెనక్కి మాయమయ్యే వీరులు ఏ హాస్టల్లోనైనా ఉంటారు! వాళ్లను పట్టుకొచ్చే పని పెద్ద తరగతుల వాళ్లదే.

ఇంకొక్కటి. ఫ్లూకు యాంటీబయాటిక్ బిళ్లలు పనిచేయవు, మెడికల్ షాపులో అడిగి మింగొద్దు. ఫ్లూకు వేరే మందు ఉంది, డాక్టరు చూసి రాయాలి, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఎగఊపిరి, ఛాతీ నొప్పి, పెదాలు నీలంగా మారడం, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా సరే వార్డెన్ సారును లేపండి.