ప్రశ్నలు – జవాబులు: టస్కనీ పల్లెలో 14 మంది

ప్రశ్న: మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం. హైదరాబాద్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఉంటాం. వచ్చే జూన్‌లో పిల్లలు, అమ్మానాన్నలు, మా అత్తగారు అందరం కలిసి 14 మందిమి ఇటలీలో ఒక వారం గడపాలని ఉంది. ఫ్లోరెన్స్ హోటల్ కన్నా కియాంటి కొండల్లో ఈతకొలను ఉన్న పెద్ద విల్లా తీసుకుంటే తలా కొంత వేసుకోవచ్చు, చవక అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

జవాబు: డబ్బు లెక్కలో చాలాసార్లు నిజమే. రాత్రి భోజనాలయ్యాక 14 మందీ ఒకే అరుగు మీద కూర్చునే వీలు ఏ హోటల్లోనూ ఉండదు కూడా. కానీ ఫొటోల్లో కొలను చూసి మురిసిపోకముందు మెట్లు చూడండి.

ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ మధ్య కొండల్లో ఇప్పుడు విల్లాలని అద్దెకిస్తున్న రాతి ఇళ్లలో చాలావాటిలో ఒకప్పుడు కాపురమున్నది దొరలు కాదు, సగపాలుకు సేద్యం చేసే రైతులు. కింద పశువుల కొట్టం, పైన మనుషులు, పైకెక్కడానికి ఆరుబయట రాతిమెట్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కుర్రకారు ఫ్యాక్టరీ పనులకు పట్నాలు పట్టింది. 1964లో కొత్తగా సగపాలు ఒప్పందాలు రాసుకోకూడదని చట్టమొచ్చింది. పాడుబడ్డ ఇళ్లను ఇంగ్లిష్ వాళ్లూ జర్మన్లూ కొని బాగుచేయించుకున్నారు. ఈ చరిత్రంతా మీ అమ్మగారి మోకాళ్ల కోసం చెబుతున్నాను. కింది అంతస్తులో పడకగది, దాన్ని ఆనుకునే బాత్రూమ్ ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి. ఒక గదిలోంచి నడిస్తేగానీ ఇంకో గదికి పోలేని ఇళ్లూ ఉంటాయి. అత్తగారితో వెళ్తున్నారు కాబట్టి అదీ కనుక్కోండి. ‘14 మందికి’ అన్న లెక్కలో హాల్లో పరిచే సోఫాలు కలిశాయేమో కూడా.

నన్నడిగితే, ద్రాక్షతోట నడిమధ్య ఒంటరి విల్లా కన్నా గ్రేవె లాంటి చిన్న ఊరికి నడిచి వెళ్లగలిగే ఇల్లే మేలు. మట్టిరోడ్డు చివర ఉంటే పాలప్యాకెట్టుకు కూడా కారు తీయాలి.

ప్రశ్న: విల్లావాళ్లు చెప్పిన అద్దె కాక ఇంకేం కట్టాలి? మోసాల భయం కూడా ఉంది.

జవాబు: శుభ్రం చేసినందుకు, ఏసీకి, కొలను నీళ్లు వేడిచేసినందుకు విడిగా వసూలు చేసేవాళ్లున్నారు. చాలా ఊళ్లలో తలకింత, రాత్రికింత అని పర్యాటక పన్ను ఉంటుంది. తిరిగిచ్చే డిపాజిట్ వేరు. ఇవన్నీ కలిపిన మొత్తం ముందే రాయించుకోండి. 2025 నుంచి ఇటలీలో ఇలా అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ‘సిన్’ అనే జాతీయ గుర్తింపు సంఖ్య ఉండాలి, ప్రకటనలోనూ చూపాలి. అది లేని ఇంటికి పైసా పంపకండి.

బుకింగ్ ఒక్కరి పేరు మీదే ఉంటుంది. షెంగెన్ వీసాకు బస రుజువు ప్రతి ఒక్కరూ చూపాలి. అందుకని అందరి పేర్లతో యజమాని దగ్గర ఉత్తరం తీసుకోండి. లండన్ చెల్లెలిది భారత పాస్‌పోర్టే అయితే ఆవిడకూ వీసా తప్పదు.

ప్రశ్న: నాన్నగారు శాకాహారి, అన్నం లేనిదే ముద్ద దిగదు. విల్లాలో వండుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. పొడులూ పచ్చళ్లూ మీరు తీసుకెళ్లండి, నెయ్యి మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్ బయటినుంచి వచ్చేవాళ్లు పాలతో చేసినవి సామాన్లలో తేకూడదు. కరివేపాకుకు మొక్కల ఆరోగ్య పత్రం అడుగుతారు. బ్రెగ్జిట్ తర్వాత లండన్ వాళ్లకూ నెయ్యి దారి మూసుకుపోయింది. కాబట్టి నెయ్యి పూచీ ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ల మీద పెట్టండి. వాళ్లు యూనియన్ లోపలే తిరుగుతారు గనక ఎవరూ ఆపరు.

సూపర్ మార్కెట్లో బియ్యమని అర్బోరియో కొనకండి, అది రిసొట్టో కోసం. పులిహోర కలిపితే ముద్దకడుతుంది. పక్కనే బాస్మతి ఉంటుంది. బయట తినేటప్పుడు ఒక జాగ్రత్త: పార్మెజాన్ చీజ్‌ను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. నాన్నగారి పళ్లెంలో చల్లొద్దని ముందే చెప్పాలి. పప్పా అల్ పొమొదోరో అని టమాటా, రొట్టె కలిపి ఉడికించే వంటకం అక్కడిదే. మాంసం రసం పోయలేదని అడిగి తెలుసుకుని తెప్పించండి, ఆయనకు నచ్చొచ్చు.

వంటింట్లో ఇంకో సంగతి. ఇటలీలో మామూలు ఇళ్ల కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లే. పెద్ద విల్లాలకు ఎక్కువే ఉండొచ్చు, అయినా ఎంతో కనుక్కోండి. తక్కువైతే కరెంటు పొయ్యి, వాషింగ్ మెషీన్, ఏసీ ఒకేసారి వేయగానే ఇల్లంతా చీకటైపోతుంది.

ప్రశ్న: 14 మందినీ ఒకే బండిలో తిప్పగలమా?

జవాబు: కుదరదు. కారు లైసెన్సుతో డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్ల బండి వరకే నడపొచ్చు. రెండు బండ్లు తీసుకోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్ బావగారికి జర్మనీ లైసెన్సుంటే చాలు. మీ వారికైతే ఆర్టీఓలో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కావాలి. ఫ్లోరెన్స్, సియెనా పాతబస్తీల్లోకి మాత్రం బండి తీసుకెళ్లకండి. అక్కడ అనుమతి లేని బండ్లు రాకూడదని చెప్పే ‘జెడ్‌టీఎల్’ బోర్డు దాటగానే కెమెరా నంబరు పట్టేస్తుంది. మీరు కూకట్‌పల్లి చేరాక ఎప్పటికో జరిమానా కాగితం వస్తుంది, దానికి అద్దె కార్లవాళ్ల రుసుము అదనం. ఊరి బయట పార్క్ చేసి నడవండి.