పశువైద్య పట్టా అందుకున్నారా? తొలి కొలువు ఇలా ఎంచుకోండి

ఐదున్నరేళ్ల బి.వి.ఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తయ్యాయి. తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, రాజేంద్రనగర్, కోరుట్ల... ఏ కాలేజీలో చదివినా ఎక్కువమంది ముందుగా ఎదురుచూసేది వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ నోటిఫికేషన్ కోసమే. అది ఏటా రాదు. ఈలోపు పెట్ క్లినిక్‌లు, 1962 సంచార పశువైద్య వాహనాలు, డెయిరీలు, కోళ్ల కంపెనీల్లో అవకాశాలు ఉంటాయి. మొదటి ఒకటి రెండేళ్లలో పడిన అలవాట్లే వృత్తి జీవితమంతా వెంట వస్తాయి. అందుకే నేర్పే సీనియర్ ఉన్నచోటే చేరాలి. జీతం లెక్క ఆ తర్వాతే.

దరఖాస్తుకు ముందు

పట్టా ఒక్కటే ఉంటే సరిపోదు. ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం-1984 ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్నవారే వైద్యం చేయాలి. రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌లో ఆ పని వెంటనే పూర్తిచేసుకోండి. ఇంటర్న్‌షిప్‌లో చూసిన కేసుల వివరాలను ఒక నోటుబుక్కులో రాసి ఉంచుకోండి. స్వయంగా చేసిన శస్త్రచికిత్స ఏది, పక్కన ఉండి సాయం చేసినది ఏది, చూసి మాత్రమే నేర్చుకున్నది ఏది అన్నది విడివిడిగా రాయండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కన్నా ఈ నోటుబుక్కే ఎక్కువ మాట్లాడిస్తుంది.

క్లినిక్ నడిపేవారు ఏం చూస్తారు?

విరిగిన ఎముకకు ప్లేటు వేయమని కొత్త డాక్టరును ఎవరూ అడగరు. భయపడిన కుక్కను నొప్పి కలగకుండా పట్టించగలరా, వాంతులు విరేచనాలతో నీరసించిన పార్వో కుక్కపిల్లకు కాన్యులా పెట్టి సెలైన్ లెక్క వేయగలరా, పిడుదుల జ్వరం అనుమానం వస్తే రక్త పరీక్ష చేయించాలని తడుతుందా అని చూస్తారు. పాడిపశువుల ప్రాక్టీసులో అయితే పాలజ్వరంతో పడిపోయిన గేదెకు గుండె చప్పుడు వింటూ కాల్షియంను నెమ్మదిగా నరంలోకి ఎక్కించడం వంటి పనులు తెలిసి ఉండాలి.

మాట తీరు కూడా ఇంతే ముఖ్యం. జబ్బేమిటో, ఎంత ఖర్చవుతుందో, బతికే అవకాశం ఎంతో రైతుకైనా, పెంపుడు జంతువు యజమానికైనా తేలిక మాటల్లో చెప్పగలగాలి. తెలియనిచోట ‘సీనియర్‌ను అడిగి చెబుతాను’ అనగలిగే అభ్యర్థిని మంచి డాక్టర్లు వదులుకోరు.

మీరు అడగాల్సిన ప్రశ్నలు

ఇంటర్వ్యూలో మీరూ కొన్ని తెలుసుకోవాలి. మొదటి ఆపరేషన్లప్పుడు పక్కన ఎవరుంటారు? రాత్రి అత్యవసర కేసు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? పనిగంటలు, వారపు సెలవు ఏమిటి? ముందస్తు రేబిస్ టీకా క్లినిక్కే వేయిస్తుందా? మాయ పడని పశువును చూసేటప్పుడు పొడవాటి గ్లౌజులు ఇస్తారా? బ్రుసెల్లోసిస్ మనుషులకూ సోకే జబ్బు కాబట్టి ఈ చివరి ప్రశ్నకు మొహమాట పడొద్దు.

జీతం, బాధ్యతలు, నోటీసు గడువు కాగితం మీద ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచొద్దు. వీలైతే చేరేముందు ఒక పూట అక్కడ గడపండి. సిబ్బందితో సీనియర్ ఎలా మాట్లాడతారో, కేసు వివరాలు రాసి పెడుతున్నారో లేదో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ 2021లో వెట్‌జీడీపీ అనే కార్యక్రమాన్ని తెచ్చింది. దాని ప్రకారం కొత్త పట్టభద్రులకు శిక్షణ పొందిన సలహాదారు ఉండాలి, వారానికి కనీసం గంటసేపు వారికే కేటాయించాలి. అలాంటి ఒక గంట మీకు దొరుకుతుందా అని అడగడం అత్యాశేమీ కాదు.

నియమించుకునే డాక్టర్లకు

కొత్తగా చేరినవారిని మొదట చూడనివ్వండి, తర్వాత మీ ఎదుట చేయనివ్వండి, ఆ తర్వాతే ఒంటరిగా వదలండి. ఆదివారం రాత్రి డ్యూటీని మొదటి నెలలోనే వారి నెత్తిన పెట్టొద్దు. జంతువు చనిపోయి యజమాని ఆవేశపడినప్పుడు ముందు నిలబడాల్సింది మీరే. ఆ అండ లేకే చాలామంది యువ డాక్టర్లు క్లినిక్ మారుతున్నారు, కొందరు వైద్యమే వదిలేస్తున్నారు. వారికి నేర్పడానికి పట్టే కాలం వృథా కాదు. మీరు లేని రోజున క్లినిక్‌ను నమ్మకంగా నడిపేది వారే.

నోరులేని జీవాల బాధను కనిపెట్టే చూపు ఒక్కరోజులో రాదు. యువ డాక్టర్లూ, రెండు మూడు వేలు ఎక్కువ వస్తాయని నేర్పేవారు లేని చోటికి వెళ్లకండి. ఇవాళ బాగా నేర్చుకుంటే, రేపు మంచి జీతం దానంతట అదే వస్తుంది.